క్రిప్టోకరెన్సీ భద్రత, పెట్టుబడి ఆకర్షణ: మలక్‌పేట, పాతబస్తీ నేపథ్యం

మలక్‌పేట రేసుకోర్సులో గుర్రం మీద కాసి గెలిచిన సొమ్ముకూ, ఫోన్‌లో బిట్‌కాయిన్ అమ్మి మిగుల్చుకున్న లాభానికీ ఆదాయపు పన్ను రేటు ఒకటే: 30 శాతం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో పందేల గెలుపుకు 115బీబీ సెక్షన్ ఉండేది. 2022లో క్రిప్టో లాభాల కోసం దాని వరుసలోనే 115బీబీహెచ్ చేర్చారు. హైదరాబాద్ గుర్రప్పందేలు 1868లో మౌలాలిలో మొదలై 1886లో మలక్‌పేటకు మారాయి. అవి నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. క్రిప్టో పెట్టుబడా, సరుకా, జూదమా అన్నది మాత్రం పార్లమెంటు ఇంకా తేల్చలేదు. తేల్చకుండానే ప్రభుత్వం పన్ను వసూలు చేస్తోంది.

క్రిప్టోకరెన్సీ అంటే ఏ ప్రభుత్వమూ అచ్చువేయని, ఏ రిజర్వు బ్యాంకూ పూచీ పడని డిజిటల్ ఆస్తి. ఎవరి దగ్గర ఎంత ఉందన్న లెక్క ఒకరి చేతిలో కాక వేలాది కంప్యూటర్లలో ఏకకాలంలో ఉంటుంది. ఆ లెక్కల వరుసే బ్లాక్‌చైన్. మూసీకి దక్షిణాన, పాతబస్తీ తూర్పు అంచున ఉన్న మలక్‌పేటలో దీని గురించి అడిగేవాళ్లు రకరకాలుగా ఉంటారు. ఉల్లిగడ్డల గంజ్‌లో రోజూ ధర ఎగుడుదిగుళ్లు చూసే వ్యాపారులు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు నడిచివెళ్లే విద్యార్థులు, గల్ఫ్ నుంచి నెలనెలా డబ్బు అందుకునే కుటుంబాలు. అందరి ప్రశ్నలూ చివరికి రెండే: డబ్బు భద్రమేనా, పెరుగుతుందా? మొదటి ప్రశ్నకు ప్రచారకర్తలు బ్లాక్‌చైన్ భద్రతను చూపించి జవాబిస్తారు. అడిగినవాడికి కావలసింది తన డబ్బు భద్రత. ఈ రెండూ ఒకటి కావు. క్రిప్టో చరిత్రలోని పెద్ద నష్టాలు చాలా ఈ రెంటి మధ్య ఖాళీలోనే జరిగాయి.

గొలుసు గట్టితనం

బిట్‌కాయిన్ ప్రతిపాదన పత్రం సతోషి నకమోటో అనే మారుపేరుతో 2008 అక్టోబరు 31న వెలువడింది. మొదటి బ్లాకు 2009 జనవరి 3న పుట్టింది. సుమారు పది నిమిషాలకు ఒకసారి కొత్త లావాదేవీలను ఒక బ్లాకుగా కట్టి, అంతకుముందు బ్లాకుకు ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత సూత్రంతో తీసిన ముద్రను అందులో చేరుస్తారు. ఇలా బ్లాకులు కట్టేవాళ్లే మైనర్లు. పాత బ్లాకులో ఒక్క అంకె మార్చినా దాని ముద్ర మారుతుంది, ఆ తర్వాతి బ్లాకులేవీ చెల్లవు. వాటన్నిటినీ మళ్లీ కట్టాలంటే లోకంలోని మిగతా మైనర్లందరికీ ఉన్న కంప్యూటర్ బలం కంటే ఎక్కువ బలం కావాలి. అందుకయ్యే కరెంటు బిల్లే ఈ లెక్కకు కాపలా.

ఇది ఎన్నడూ తప్పలేదని చెప్పడం అతిశయోక్తి. 2010 ఆగస్టు 15న ప్రోగ్రాములోని ఒక లోపం వల్ల ఒకే లావాదేవీలో 18,400 కోట్లకు పైగా బిట్‌కాయిన్లు పుట్టుకొచ్చాయి. మొత్తం పరిమితేమో 2.1 కోట్లు! కొన్ని గంటల్లో ప్రోగ్రాము సరిచేసి ఆ బ్లాకును పక్కన పెట్టారు. ఆ తర్వాత బిట్‌కాయిన్ గొలుసు మీద అలాంటి దెబ్బ పడలేదు. మైనర్లు తక్కువగా ఉన్న చిన్న కాయిన్ల సంగతి వేరు. 2018 మేలో బిట్‌కాయిన్ గోల్డ్ మీద, 2020 ఆగస్టులో ఇథీరియం క్లాసిక్ మీద సగానికి పైగా మైనింగ్ బలం చేజిక్కించుకున్నవాళ్లు ఒకే కాయిన్‌ను రెండుసార్లు ఖర్చుపెట్టగలిగారు. కాబట్టి ‘బ్లాక్‌చైన్ మీద ఉంది, భద్రం’ అన్న వాక్యానికి ఏ బ్లాక్‌చైన్ అన్నది చెప్పనిదే అర్థం లేదు.

తాళం ఎవరి దగ్గర

కాయిన్ నిజానికి ఫోన్‌లో ఉండదు. గొలుసులో ఒక చిరునామా ఉంటుంది, ఆ చిరునామా నుంచి పంపడానికి అవసరమైన రహస్య సంఖ్య యజమాని దగ్గర ఉంటుంది. ఆ సంఖ్యను దాచి ఉంచేదే వాలెట్. 256 బిట్ల ఆ సంఖ్యను ఊహించి పట్టుకోవడం నేటి కంప్యూటర్లకు సాధ్యం కాదు. మనిషి దాన్ని గుర్తుపెట్టుకోనూ లేడు. అందుకని 2013లో ఒక పద్ధతి తెచ్చారు. 2,048 మామూలు పదాల పట్టిక నుంచి 12 లేదా 24 పదాలను ఒక వరుసలో ఇస్తారు, ఆ వరుస నుంచే రహస్య సంఖ్య తిరిగి తయారవుతుంది. దాన్నే సీడ్ ఫ్రేజ్ అంటున్నారు. ఈ పట్టిక ఇంగ్లీషు, జపనీస్, కొరియన్, స్పానిష్, చైనీస్, ఫ్రెంచ్, ఇటాలియన్, చెక్, పోర్చుగీస్ భాషల్లో ఉంది. తెలుగులో లేదు, ఉర్దూలో లేదు, హిందీలోనూ లేదు. ఇంగ్లీషు అంతగా రాని ఇంట్లో ఆ పన్నెండు పదాలను కాగితం మీద రాసేటప్పుడు ఒక అక్షరం తప్పిపోతే ఎలా అన్నది చిన్న చిక్కు కాదు. పదాలు మనకు వస్తాయా రావా అని రూపకర్తలు ఆలోచించినట్టు లేదు.

ఈ భారం వద్దనుకున్నవాళ్లు కాయిన్లు కొని అమ్మే ఎక్స్ఛేంజిలో ఖాతా తెరుస్తారు. మన దగ్గర కొనేవాళ్లలో ఎక్కువమంది చేసేది ఇదే. అప్పుడు తాళం ఎక్స్ఛేంజి దగ్గర ఉంటుంది, ఖాతాదారుకు ఉండేది తెరమీద కనిపించే అంకె. టోక్యోలోని మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజి 2014 ఫిబ్రవరిలో మూతపడినప్పుడు దాదాపు 8.5 లక్షల బిట్‌కాయిన్లు పోయాయని చెప్పింది. తర్వాత ఒక పాత వాలెట్‌లో 2 లక్షలు దొరికాయి. సొమ్ము రావలసినవాళ్లకు బిట్‌కాయిన్లలో చెల్లింపులు మొదలయ్యేసరికి 2024 జూలై వచ్చింది.

సరిగ్గా అదే నెలలో దెబ్బ మన దేశం మీద పడింది. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజి నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా, అంటే దాదాపు ₹2,000 కోట్ల విలువైన కాయిన్లు తరలిపోయాయి. ఇది ఎలా జరిగిందో కాస్త దగ్గరగా చూడాలి. ఆ వాలెట్‌కు ఆరు సంతకాలున్నాయి. ఐదు ఎక్స్ఛేంజివి, ఒకటి కస్టడీ సేవ అందించే మరో సంస్థది. డబ్బు కదలాలంటే ఎక్స్ఛేంజి వైపు నుంచి ముగ్గురు, కస్టడీ సంస్థ తరఫున ఒకరు సంతకం పెట్టాలి. కాగితం మీద చూస్తే చాలా బ్యాంకు లాకర్ల కంటే గట్టి ఏర్పాటు. ఆ రోజు సంతకం పెట్టినవాళ్లకు తెరమీద మామూలు లావాదేవీయే కనిపించింది. వాళ్లు నిజంగా ఆమోదించింది మాత్రం వాలెట్ మీద అదుపును దొంగల చేతికి అప్పగించే ఆదేశం. తాళాలు పగల్లేదు, తాళాలున్నవాళ్లే తీసి ఇచ్చారు. తప్పు ఎవరి వైపు జరిగిందన్న దానిపై రెండు సంస్థలూ ఒకదాన్నొకటి వేలెత్తి చూపుకున్నాయి. ఇది ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని అమెరికా, జపాన్, దక్షిణ కొరియా 2025 జనవరిలో ఉమ్మడిగా ప్రకటించాయి. వ్యవహారం సింగపూర్ హైకోర్టుకు చేరింది, ట్రేడింగు తిరిగి మొదలైంది 2025 అక్టోబరు 24న. దాదాపు పదిహేను నెలల పాటు ఖాతాదారులు తమ కాయిన్లను అమ్ముకోలేక, ధర పెరుగుతుంటే చూస్తూ కూర్చున్నారు.

2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజి నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ (ఇథీరియం కాయిన్) పోయింది. అక్కడా సంతకం పెట్టేవారి తెరనే ఏమార్చారు. 2025 జూలై 19న మన దేశపు ఎక్స్ఛేంజి కాయిన్‌డీసీఎక్స్ తన సొంత నిర్వహణ ఖాతా నుంచి 4.4 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది, ఖాతాదారుల సొమ్ము జోలికి రాలేదని చెప్పింది. పార్ట్‌టైమ్ పని ఎర చూపి ఒక ఉద్యోగి ల్యాప్‌టాప్‌లోకి దూరి ఉంటారన్నది బెంగళూరు పోలీసుల దర్యాప్తులో తేలిన కోణం. ‘పార్ట్‌టైమ్ పని’ అన్న మాట హైదరాబాద్ కేసుల్లో మళ్లీ వస్తుంది.

బ్యాంకు డిపాజిట్‌కు ఖాతాదారు ఒక్కొక్కరికి ₹5 లక్షల దాకా బీమా ఉంది. క్రిప్టోకు అలాంటిది ఏదీ లేదు. పాతబస్తీలో ఈ తేడా విలువ తెలిసిన తరం ఇంకా ఉంది. 2000ల తొలి సంవత్సరాల్లో కృషి, ప్రుడెన్షియల్, చార్మినార్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకులు ఒకదాని వెంట ఒకటి కూలినప్పుడు, ఎంతో కొంత వెనక్కి వచ్చిందంటే చాలావరకు ఆ బీమా వల్లే.

ఎందుకు కొంటున్నారు

ప్రపంచ క్రిప్టో వాడకం సూచీలో చైనలిసిస్ సంస్థ 2023 నుంచి వరుసగా మూడేళ్లు భారత్‌కు మొదటి స్థానం ఇచ్చింది. ఆకర్షణకు మొదటి కారణం ధర చరిత్ర. 2010 మే 22న అమెరికాలో ఒకాయన రెండు పిజ్జాలకు 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చాడు. 2017 డిసెంబరులో ఒక్కో బిట్‌కాయిన్ 20,000 డాలర్లకు చేరువైంది. 2021 నవంబరులో 69,000కు చేరింది, 2024 డిసెంబరులో లక్ష దాటింది. రెండో కారణం కొరత. మైనర్లకు ఇచ్చే కొత్త కాయిన్ల సంఖ్య దాదాపు నాలుగేళ్లకోసారి సగమవుతుంది. 50తో మొదలై 2024 ఏప్రిల్‌లో 3.125కు దిగింది. బంగారాన్ని నమ్మే జనానికి ఈ తర్కం తేలిగ్గా ఎక్కుతుంది. 2024 జనవరిలో అమెరికా నేరుగా బిట్‌కాయిన్ కొని ఉంచే ఈటీఎఫ్‌లను (షేర్లలా కొనే ఫండ్లను) అనుమతించాక, పెద్ద సంస్థల డబ్బు కూడా వచ్చిందన్న ధైర్యం తోడైంది.

ప్రచారంలో మెల్లగా చెప్పేది పతనాల సంగతి. 2017 డిసెంబరు శిఖరం నుంచి ఏడాదిలో బిట్‌కాయిన్ 80 శాతానికి పైగా పడింది. 2021 నవంబరు నుంచి ఏడాదిలో మళ్లీ 75 శాతానికి పైగా. 80 శాతం పడినదాన్ని అసలుకు తేవాలంటే అక్కడి నుంచి ధర ఐదింతలు కావాలి. ఇది కాయిన్లలో రాజులాంటి బిట్‌కాయిన్ సంగతి. డాలరుకు సరిసమానంగా నిలుస్తుందని చెప్పిన టెర్రాయూఎస్‌డీ, దాని జంట లూనా 2022 మేలో కొద్దిరోజుల్లోనే దాదాపు సున్నా అయ్యాయి. అదే ఏడాది నవంబరు 11న ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజి దివాలా తీసింది.

మలక్‌పేట, సైదాబాద్, చాదర్‌ఘాట్ వైపు మరో ఆకర్షణ ఉంది, ఆర్థిక పత్రికలు పెద్దగా పట్టించుకోనిది. వడ్డీ తీసుకోకూడదన్న నియమం పాటించే ముస్లిం కుటుంబాలకు ఫిక్స్‌డ్ డిపాజిట్ పనికిరాదు. మిగిలేవి బంగారం, స్థలం, బిసీ చీటీలు, వ్యాపారంలో వాటా. వడ్డీ లేకుండా పెరిగే కాయిన్ ఆ లోటు పూడుస్తుందని అనిపించడం సహజం. ధర్మశాస్త్ర పండితుల్లో మాత్రం ఏకాభిప్రాయం లేదు. ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ 2018 జనవరిలో బిట్‌కాయిన్ వ్యాపారం తగదన్నారు. ఇండోనేషియా ఉలేమా మండలి 2021 నవంబరులో కరెన్సీగా దాన్ని హరామ్ అంది. మలేషియా సెక్యూరిటీస్ కమిషన్ షరియా సలహా మండలి 2020లో షరతులతో ట్రేడింగును అనుమతించింది. ఈ సందిగ్ధంలో ‘హలాల్ లాభం’ అన్న మాటతో వచ్చేవాడి పని సులువవుతుంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూపు బంగారం వ్యాపారం పేర, వడ్డీ లేని లాభం ఏడాదికి 36 శాతం దాకా ఇస్తామని డిపాజిట్లు సేకరించి 2018లో కేసుల పాలైంది. అందులో క్రిప్టో లేదు. కానీ ఏ ఖాళీలోకి క్రిప్టో వచ్చిందో తెలుసుకోవాలంటే దాన్ని చూడాలి.

శంషీర్‌గంజ్ ఖాతాలు

క్రిప్టో పేరుతో జరిగిన మోసాలు, క్రిప్టో దారిన డబ్బు దాటించిన మోసాలు వేర్వేరు. మొదటి రకానికి ఉదాహరణ నిర్మల్ జిల్లా. 2024లో అక్కడ యూబిట్ కాయిన్ అనే గొలుసుకట్టు పథకాన్ని పోలీసులు బయటపెట్టారు, పట్టుబడినవాళ్లలో ప్రభుత్వోపాధ్యాయులు ఉన్నారు. పాఠం చెప్పే మాస్టారే చేరమంటే ఊళ్లో కాదనేదెవరు?

హైదరాబాద్‌లో పెద్దది రెండో రకం. 2023 జూలైలో నగర పోలీసులు ₹712 కోట్ల మోసాన్ని వెల్లడించారు. బాధితులు దేశవ్యాప్తంగా దాదాపు 15,000 మంది, అరెస్టయినవాళ్లు తొమ్మిది మంది. ఫిర్యాదు చేసిన హైదరాబాద్ వాసి ఇంట్లో కూర్చుని చేసే పార్ట్‌టైమ్ పని అన్న మెసేజి చూసి చేరాడు. మొదట ₹1,000 పెడితే ₹866 లాభం చేతికొచ్చింది. ఆ చిన్న లాభమే ఉచ్చు. చివరికి ₹28 లక్షలు పోయాయి. డబ్బు వరుసగా బ్యాంకు ఖాతాలు మారి, క్రిప్టోగా మారి, దుబాయి మీదుగా చైనా నిర్వాహకులకు చేరిందని, కొంత హిజ్బుల్లాకు సంబంధించిన వాలెట్‌లోకి వెళ్లిందని పోలీసులు చెప్పారు. బాధితుల్లో చాలామంది తమ జీవితంలో ఒక్క కాయిన్ కూడా కొనలేదు.

ఇలాంటి మధ్య ఖాతాలు ఎవరివి? ఒక జవాబు 2024 ఆగస్టులో మరో కేసులో, పాతబస్తీలోనే దొరికింది. ఒక ప్రభుత్వరంగ బ్యాంకు శంషీర్‌గంజ్ శాఖలో తెరిచిన ఆరు ఖాతాల ద్వారా మార్చి, ఏప్రిల్ నెలల్లో సుమారు ₹175 కోట్లు నడిచాయని తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో గుర్తించింది. ఆ ఖాతాలకు ముడిపడిన ఫిర్యాదులు దేశమంతటా 600 దాకా ఉన్నాయి. పోలీసుల కథనం ప్రకారం, సూత్రధారి దుబాయిలో ఉండగా, స్థానికులు బీదవాళ్లకు కమీషన్ ఆశ చూపి ఖాతాలు తెరిపించి చెక్కుల మీద ముందే సంతకాలు తీసుకున్నారు. వచ్చిన సొమ్ములో కొంత నగదుగా తీసి, కొంత క్రిప్టో ద్వారా దాటించారు. అరెస్టయినవాళ్లలో ఆటో డ్రైవర్లున్నారు. ఆ శాఖ మేనేజరుగా పనిచేసిన వ్యక్తినీ తర్వాత అరెస్టు చేశారు. క్రిప్టో మోసం ఎంత అంతర్జాతీయమైనా, ఎక్కడో ఒక వీధిలోని బ్యాంకు కౌంటరు దాటాల్సిందే. పోలీసుల చేతికి చిక్కేది కూడా ఆ కౌంటరు దగ్గరే.

ఫోన్ అవతలి గొంతుక కూడా ఒక్కోసారి మనదే. డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, ఇటువంటి మోసాలే చేయించిన తెలుగు యువకులను విశాఖపట్నం పోలీసులు 2024 మేలో వెనక్కి రప్పించారు.

చట్టం, పన్ను

రిజర్వు బ్యాంకు తొలి హెచ్చరిక 2013 డిసెంబరు 24 నాటిది. 2018 ఏప్రిల్ 6న క్రిప్టో వ్యాపారులకు సేవలందించవద్దని బ్యాంకులను ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ వి. రామసుబ్రమణియన్ అంతకుముందు మూసీ ఒడ్డునున్న హైదరాబాద్ హైకోర్టులో న్యాయమూర్తిగా చేసినవారు. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజిలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి. 2025 మేలో సుప్రీంకోర్టు ధర్మాసనం ఒకటి బిట్‌కాయిన్ వ్యాపారాన్ని మెరుగుపెట్టిన హవాలాతో పోల్చింది. గల్ఫ్ డబ్బు రాకపోకలు ఎరిగిన పాతబస్తీకి ఆ పోలిక విడమరచి చెప్పనక్కర్లేదు.

పన్ను లెక్క చాలామందికి ఆలస్యంగా అర్థమవుతుంది. ఒకరు ఏడాదిలో ఒక కాయిన్ మీద ₹1 లక్ష లాభం, మరో కాయిన్ మీద ₹1 లక్ష నష్టం చూశారనుకుందాం. చేతికి మిగిలింది సున్నా. పన్ను మాత్రం సెస్సుతో కలిపి ₹31,200. నష్టాన్ని లాభంలో తీసేయడానికీ, వచ్చే ఏటికి మోసుకెళ్లడానికీ వీల్లేదు. 2022 జూలై 1 నుంచి అమ్మకం విలువ మీద 1 శాతం టీడీఎస్ కూడా కోస్తారు, అమ్మింది నష్టానికైనా సరే. షేర్లకు ఇలాంటి నియమం లేదు. నా దృష్టిలో ఇది మదుపరిని కాపాడటం కాదు, నిరుత్సాహపరచడం. పైగా టీడీఎస్ తప్పించుకోవడానికి జనాన్ని లెక్కాపత్రం లేని నేరుగా జరిగే అమ్మకాల వైపు నెట్టింది.

ఆ నేరు అమ్మకాల్లో ఉన్న ప్రమాదం వేరు. డాలరుతో ముడిపడిన యూఎస్‌డీటీ కాయిన్‌ను ముక్కూమొహం తెలియనివాడికి అమ్మితే, అతడు పంపే రూపాయలు ఏ రాష్ట్రంలోనో మోసపోయినవాడివి కావచ్చు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫిర్యాదు అందగానే ఆ డబ్బు నడిచిన ఖాతాలు ఫ్రీజ్ కావచ్చు. అమ్మినవాడి జీతం ఖాతా కూడా. వేరే రాష్ట్రపు పోలీసుల చుట్టూ తిరిగి, తాను మధ్యవర్తిని కానని రుజువు చేసుకోవాలి. అదే 1930, మోసపోయినవాడికి మొదటి ఆశ. డబ్బు ఇంకా బ్యాంకు ఖాతాల్లో ఉన్న మొదటి గంటల్లో చెబితే ఆపగలరు, కాయిన్‌గా మారి విదేశీ వాలెట్‌కు చేరాక రప్పించడం చాలా అరుదు.

ఈ చిక్కులన్నీ కాయిన్‌తో వచ్చినవి. కాయిన్ లేని బ్లాక్‌చైన్‌కు తెలంగాణలోనే ఒక ఉదాహరణ ఉంది. చిట్‌ఫండ్ల రిజిస్ట్రేషన్, వేలాల నమోదుకు హైదరాబాద్ సంస్థ చిట్‌మాంక్స్ తోడ్పాటుతో ప్రభుత్వం తెచ్చిన టీ-చిట్స్. రిజర్వు బ్యాంకు సొంత డిజిటల్ రూపాయి 2022 డిసెంబరు 1న రిటైల్ ప్రయోగంగా మొదలైంది, తర్వాత హైదరాబాద్‌కూ విస్తరించింది. దీని విలువ పెరగదు, తగ్గదు, కాబట్టి దీని గురించి ఎవరూ గ్రూపులు పెట్టి ప్రచారం చేయరు.

క్రిప్టో ఆస్తే అని మద్రాసు హైకోర్టు 2025 అక్టోబరులో వజీర్‌ఎక్స్ ఖాతాదారు ఒకరి కేసులో తేల్చింది. ఆస్తి అయితే వారసులకు సంక్రమిస్తుంది. గల్ఫ్‌లో ఉండగా మనిషి పోతే ఇంటివాళ్లకు ఇది రేపటి సమస్య కావచ్చు. కాయిన్లు దేశంలోని ఎక్స్ఛేంజిలో ఉంటే మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం చూపి అడగవచ్చు. సొంత వాలెట్‌లో ఉంటే ఏ కోర్టు ఉత్తర్వూ దాన్ని తెరవలేదు. ఆ పన్నెండు ఇంగ్లీషు పదాలు ఎక్కడ రాసిపెట్టారో ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి.